ముగ్గు పోసే ముందు

బిడ్డా,

నిన్న ఫోన్లో "నాన్నా, పర్మిషన్ వచ్చేసింది, ఆఫీసు గడప తొక్కే పనే పడలేదు" అని నువ్వు చెప్పగానే మీ అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది, నేనేమో రాత్రంతా నీ 150 గజాల జాగానే కళ్లముందు పెట్టుకుని దొర్లాను. ప్లాను కాగితాలు చంకన పెట్టుకుని తిరిగిన వాణ్ణి కదా, తెలంగాణలో ఇళ్ల పర్మిషన్ల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ఎంత బరువు దించిందో నాకు తెలుసు. 75 గజాల లోపు జాగాలో 7 మీటర్ల ఎత్తు దాటకుండా కట్టుకునే వాళ్లకు అసలు పర్మిషనే అక్కర్లేదట, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలట, రెక్కల కష్టం మీద బతికేవాళ్లకు అదెంత నిమ్మళం! నీలాంటి వాళ్లకు సొంత హామీ మీదే అనుమతి. అంటే ముందు నీ మాట నమ్మారు తల్లీ. హామీ తప్పితే నోటీసు లేకుండానే కూల్చవచ్చని కూడా ఆ చట్టంలోనే ఉంది, కానీ నా దిగులు దాని గురించి కాదు.

ఇంటి ముందు మీటరున్నర, మిగతా వైపులా మీటరు ఖాళీ వదలాలి కదా. 30 అడుగుల వెడల్పులో రెండు పక్కలా కలిపి ఆరున్నర అడుగులు పోతే ప్రాణం ఉసూరుమంటుంది, "గది ఇరుకైతది అక్కా, ఎవరు చూస్తరు" అని మేస్త్రి కూడా అంటాడు. 1989లో మనిల్లు కట్టేటప్పుడు నాతోనూ అన్నాడు, నేను విన్నాను, మెట్లు పక్క సందులోకి జరిపాను. ఆ ఎండాకాలమంతా మన గోడలు తడపడానికి తన బావి నీళ్లిచ్చిన పక్కింటి అవ్వ వంటగది కిటికీ ఆ సందులోకే ఉండేదని అప్పుడు నాకు తట్టనే లేదు. నీకు నాలుగేళ్లప్పుడు, అవ్వ పెట్టిన బెల్లం ముక్క చప్పరిస్తూ వచ్చి, "అవ్వ పగటిపూట లైటెందుకు వేసుకుంటది నాన్నా?" అని అడిగావు. అవ్వ ఒక్కనాడూ పల్లెత్తు మాటనలేదు, నీకు బెల్లం పెట్టడమూ మానలేదు. మెట్లు తీసి ముందుకు మార్పిద్దామంటే అప్పుడు చేతిలో డబ్బు లేదు, డబ్బు వచ్చేసరికి అవ్వ లేదు.

నీ పక్క ప్లాటు ఇంకా ఖాళీగానే ఉందన్నావు. అక్కడికి రాబోయే వాళ్లెవరో, వాళ్లింట్లో ఏ ముసలమ్మ ఉంటుందో, ఏ పసివాడు కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటాడోనని రాత్రి నుంచీ అనుకుంటున్నాను. నీకిది చెప్పాల్సిన పని లేదు, పగటి పూట వెలిగిన ఆ లైటు మా అందరికంటే ముందు చూసింది నువ్వే.

ముగ్గు పోసే రోజు మొదటి బస్సుకే వస్తాను, నా పాత టేపు తెస్తాను, తాడు రెండో కొస నేనే పట్టుకుంటాను. ఇంకుడు గుంతకు కూడా ఆరోజే చోటు గుర్తు పెట్టిద్దాం, తర్వాతంటే మరుపున పడుతుంది. అమ్మ సకినాలు చేస్తోంది, పనివాళ్లకు కూడా సరిపోయేటట్టు.

మీ నాన్న