మంచుబండి ప్రయాణం – రక్షణ కవచాలు

మానవుడు వేగాన్ని సాధించిన నాటినుండే ఆ వేగంనుండి తన దేహాన్ని కాపాడుకొనవలసిన బాధ్యత కూడ అతనిపై పడింది. నీటిపై పోవుటకు పడవ, గాలిలో పోవుటకు విమానం ఉన్నట్లే, మంచుపై పోవుటకు కూడ ఒక ప్రత్యేక వాహనం కలదు. దానిని స్నోమొబైల్ అంటారు. ఈ వ్యాసంలో మనం దానిని మంచుబండి అని పిలుచుకొందాం. ముందు భాగాన రెండు స్కీలు, వెనుక భాగాన యంత్రశక్తితో తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టా, పైన మోటారు సైకిలు వంటి ఆసనం – ఇదే దాని స్వరూపం. కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను, నార్వే, స్వీడన్, ఫిన్లాండు దేశాలలోను దీని వాడుక మిక్కుటం. మన దేశంలో గుల్మర్గ్‌కు పోయిన విహారయాత్రికులు దీనిపై ఎక్కి తిరుగుతారు. సియాచిన్ హిమానీనదంపై మన సైనికులు దీనిని విధి నిర్వహణలో వాడుతారు. వారు దీనిని స్నో స్కూటర్ అంటారు.

మంచు ఎరుగని ప్రాంతంలో చదువుకొనే మనకు ఈ విషయంతో పని ఏమిటని కొందరు ప్రశ్నింపవచ్చు. అందుకు రెండు సమాధానాలున్నవి. మొదటిది, మన ప్రాంతపు యువతీయువకులు అనేకులు పైచదువులకై అమెరికా, కెనడా దేశాలకు వెళ్ళుతున్నారు. అక్కడి మొదటి శీతకాలంలో, మిత్రుల ప్రోద్బలంతో, అద్దెకు తీసుకొన్న మంచుబండిని ఎక్కే అవకాశం వారికి కలుగుతుంది. రెండవది, మంచుబండిపై మనిషిని కాపాడే సూత్రాలే మన వీధులలో ద్విచక్ర వాహనంపై కూడ మనిషిని కాపాడుతున్నవి. వాహనం మారినంతమాత్రాన దేహధర్మం మారదు.

ఒక తండ్రి దుఃఖం

ఈ వాహన చరిత్ర ఒక శోకంతో ముడిపడి ఉన్నది. జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే 1907లో కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో వాల్‌కూర్ గ్రామంలో జన్మించాడు. బాల్యంనుండి అతనికి యంత్రాలంటే ప్రీతి. 1922లో, పదునైదేండ్ల ప్రాయంలోనే, ఒక బల్లబండికి మోటారును, పంకాను అమర్చి మంచుపై నడిపించాడు. పెద్దవాడై మోటారు మరమ్మతుల దుకాణం పెట్టుకొన్నాడు. ఆ కాలంలో శీతకాలం వచ్చిందంటే ఆ పల్లెల దారులన్నీ మంచుతో మూసుకుపోయేవి. గుర్రాలు లాగే బల్లబండ్లు తప్ప వేరే గతి లేదు. 1934 శీతకాలంలో అతని చిన్న కుమారుడు ఇవాన్‌కు ఉండుకము చెడి, ఆ విషం కడుపంతా వ్యాపించింది. ఆసుపత్రి ఉన్నది, వైద్యులున్నారు. కాని దారి లేదు. బాలుడు మరణించాడు.

తండ్రి తన ప్రయత్నాన్ని విడువలేదు. పళ్ళచక్రంతో తిరిగే రబ్బరు పట్టాను రూపొందించి 1937లో దానికి పేటెంటు పొందాడు. ఏడుగురు కూర్చొనదగిన మంచుబండిని తయారు చేశాడు. అటువంటి బండ్లు రోగులను, వైద్యులను, బడి పిల్లలను చేరవేశాయి. ఆ బాలునికి కరవైనది కాలం. మంచుబండి పుట్టినది ఆ కాలాన్ని సంపాదించుటకే.

అయితే ఆ తొలి బండికి నలువైపుల మూసిన గది ఉండేది. లోపల కూర్చొన్నవారికి గాలి తగలదు. 1959లో అదే బొంబార్డియే స్కీ-డూ అను పేరుతో చిన్న బండిని విడుదల చేశాడు. దానికి గది లేదు, తలుపు లేదు. నడిపేవాడు ఆరుబయట ఆసనంపై కూర్చొంటాడు. నేటి మంచుబండ్లన్నీ దాదాపు ఈ తీరువే. వాటిలో అనేకం రెండు వందల కిలోలకు పైగా బరువు కలిగి, గంటకు నూరు కిలోమీటర్లను మించిన వేగంతో పోగలవు. అనగా, పూర్వం బండి గోడలు చేసిన పనిని ఇప్పుడు మనిషి ధరించే దుస్తులు చేయవలసి ఉన్నది. రక్షణ కవచాల ఆవశ్యకత ఇక్కడే ఏర్పడింది.

శిరస్త్రాణం

కవచాలన్నిటిలో మొదటిది హెల్మెట్. అది గట్టిగా ఉండుటవల్లనే తలను కాపాడుతుందని చాలమంది భావిస్తారు. ఇది సగం సత్యం మాత్రమే. పైనున్న గట్టి చిప్ప దెబ్బను విశాలంగా పరుస్తుంది, మొనదేలిన వస్తువులను లోనికి పోనీయదు. అసలు పని చేసేది దాని లోపలనున్న తెల్లని నురుగు అట్ట. అది నలిగిపోవుటే దాని ధర్మం.

విద్యార్థులు తమ భౌతికశాస్త్ర పాఠాన్ని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక. 1.8 మీటర్ల ఎత్తునుండి పడిన తల నేలను తాకే సమయానికి దాని వేగం సెకనుకు సుమారు 6 మీటర్లు, అనగా గంటకు 21 కిలోమీటర్లు. క్రింద గట్టి మంచుగడ్డ ఉన్నది. హెల్మెట్ లేని తల అర సెంటీమీటరు దూరంలో ఆగిపోయిందనుకొందాం. అది ఆగుటకు పట్టే కాలం సెకనులో వెయ్యవ వంతులు రెండు కూడ ఉండదు. అప్పుడు మెదడుపై పడే త్వరణం గురుత్వ త్వరణానికి 360 రెట్లకు పైన. అదే తల నురుగు అట్టను నలుపుతూ రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఆగితే కాలం ఐదు రెట్లు పెరుగుతుంది, త్వరణం 73 రెట్లకు దిగుతుంది. హెల్మెట్ మనకు ప్రసాదించే వరం సెకనులో వెయ్యవ వంతులు ఆరేడు మాత్రమే. ప్రాణానికి, ప్రాణాపాయానికి మధ్యనున్న దూరం ఒక్కొక్కసారి అంతే.

ఈ లెక్కనుండి రెండు నియమాలు వెలువడుతున్నవి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి చక్కగా కనిపించినను పనికిరాదు. నలిగిన నురుగు మరల లేవదు. గడ్డం క్రింది పట్టీ బిగించని హెల్మెట్ కూడ పనికిరాదు. దెబ్బ తగిలే లోపుననే అది తలను విడిచి ఎగిరిపోతుంది.

హెల్మెట్ ప్రాముఖ్యాన్ని శాస్త్రీయంగా చాటినవారిలో ముఖ్యుడు హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు. 1935 మే నెలలో ‘అరేబియా లారెన్స్’గా ప్రసిద్ధుడైన టి. ఇ. లారెన్స్ ఇంగ్లండులో మోటారు సైకిలు ప్రమాదానికి లోనయ్యాడు. అతని తలపై హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ లేక పడియుండి మరణించాడు. అతనిని పరీక్షించిన వైద్యులలో కెయిర్న్స్ ఒకడు. ఆ మరణం అతనిని కదిలించింది. మోటారు సైకిలు ప్రమాదాలలో తల గాయాలను శ్రద్ధగా పరిశీలించి 1941లో ఒక వ్యాసం ప్రకటించాడు. ఆ ఏడే బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిలు వార్తాహరులకు హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. ఆ దేశపు పౌరులందరికీ ఆ నిబంధన వర్తించినది 1973లో. సత్యం తెలిసిన పిమ్మట కూడ సమాజం దానిని స్వీకరించుటకు 32 సంవత్సరాలు పట్టిందన్న మాట.

మంచుబండిపై వాడే హెల్మెట్ ముఖాన్ని పూర్తిగా కప్పవలెను. ముందున్న అద్దం రెండు పొరలుగా ఉండుట మేలు. ఒంటిపొర అద్దంపై ఊపిరి ఆవిరి పేరుకొని గడ్డకడితే ముందున్న చెట్టు కూడ కనిపించదు.

చలిగాలి

మంచుబండి ఎక్కినవాడు తన గాలిని తానే సృష్టించుకొంటాడు. గాలి వీచని రోజున కూడ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతే, అంత వేగమైన గాలి అతని ముఖానికి తగులుతుంది. కెనడా, అమెరికా వాతావరణ శాఖలు 2001నుండి అనుసరిస్తున్న సూత్రం ప్రకారం, సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో ఆ వేగంతో పోయేవాని చర్మానికి అది సున్నకు దిగువ 35 డిగ్రీల చలితో సమానం. అటువంటి స్థితిలో కప్పుకొనని చర్మం పది నుండి ముప్పది నిమిషాలలో గడ్డకట్టవచ్చును. ముక్కు, చెవులు, వ్రేళ్ళ కొసలు మొదట దెబ్బ తింటవి.

దీనికి మందు మూడు పొరల దుస్తులు. చర్మాన్ని తాకే పొర చెమటను పీల్చి పైకి పంపవలెను. దానికి ఉన్నిగాని, తగిన కృత్రిమ నూలుగాని శ్రేష్ఠం. నడిమి పొర గాలిని తనలో నిలుపుకొని వెచ్చదనాన్ని కాపాడవలెను. పై పొర గాలిని, తడిని లోనికి రానీయరాదు. మన వేసవికి ప్రాణమిత్రమైన నూలు బట్ట అక్కడ శత్రువు. అది చెమటను పట్టి ఉంచుతుంది, తడిసిన బట్ట దేహోష్ణాన్ని హరిస్తుంది. మన దేహం లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. అది 35కు దిగువగా పడితే బుద్ధి మందగిస్తుంది. తనకు ఆపద కలిగిందని తెలిసికొనే శక్తియే మొదట సన్నగిల్లుట ఆ స్థితిలోని ఘోరం.

చిన్న త్రాడు, పెద్ద మేలు

బండి తాళానికి తగిలించి, రెండవ కొసను నడిపేవాని దుస్తులకు కట్టే ఒక చిన్న త్రాడు ఉన్నది. మనిషి జారి పడితే త్రాడు ఊడివచ్చి యంత్రం ఆగిపోతుంది. బండి తిరిగివచ్చి అతనిపై పడదు, మరొకరి మీదికి పోదు. ఇంత తేలిక సాధనాన్ని కూడ కొందరు కట్టుకొనరు.

మెడకు చుట్టిన పొడవాటి ఉన్ని గుడ్డ వెచ్చగా ఉండవచ్చును గాని, దాని కొస తిరిగే పట్టాలో చిక్కుకొంటే ప్రాణాంతకం. 1927లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ప్రసిద్ధ నర్తకి ఇసడోరా డంకన్ మెడలోని ఉత్తరీయం కారు చక్రంలో చిక్కుకొని ఆమె మరణించింది. స్కూటరుపై వెనుక కూర్చొని చున్నీని, దుపట్టాను, చీర కొంగును గాలికి వదలే మన సోదరీమణులు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. మన ద్విచక్ర వాహనాలకు వెనుక చక్రం ప్రక్కన ఇనుప జల్లెడను బిగించుట ఇందుకే.

గడ్డకట్టిన సరస్సులు

ఉత్తర దేశాలలో మంచుబండ్లు గడ్డకట్టిన సరస్సులపై కూడ పోతుంటవి. మనిషి నడుచుటకు కొత్తగా ఏర్పడిన తేట మంచు కనీసం 4 అంగుళాల మందం ఉండవలెననియు, మంచుబండికి 5 నుండి 7 అంగుళాలు ఉండవలెననియు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో సలహా ఇస్తారు. అయినను ఏ మంచును పూర్తిగా నమ్మరాదని కూడ అక్కడివారే హెచ్చరిస్తారు.

మంచు విరిగి నీటిలో పడినవానికి కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయ ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఒక సులభ సూత్రం బోధించాడు: ఒకటి, పది, ఒకటి. మొదటి ఒక నిమిషంలో ఎగపోతను అణచుకొనవలెను. తరువాత పది నిమిషాలు మాత్రమే చేతులు, కాళ్ళు చెప్పినట్లు వింటవి. స్పృహ తప్పుటకు సుమారు ఒక గంట పడుతుంది. కాని చేతులు పనిచేయని మనిషి తేలకపోతే ఆ గంట అతనికి దక్కదు. అందుకే నీటిపై తేలియాడించే కోటు, మంచు అంచున గ్రుచ్చి పైకి ప్రాకుటకు రెండు మేకుల పిడులు దగ్గర ఉండవలెను.

కవచానికి ఉన్న హద్దు

కొండ ప్రాంతాలలో మంచుచరియలు విరిగిపడే భయం ఉన్నది. అక్కడికి పోయేవారు రేడియో సంకేతాలు పంపే చిన్న పరికరాన్ని దేహానికి కట్టుకొంటారు. పొడవైన శోధక కడ్డీని, పారను వెంట ఉంచుకొంటారు. పూడిపోయినవానిని మొదటి పది పదునైదు నిమిషాలలో వెలికి తీయగలిగితేనే ఆశ ఎక్కువ.

కాని కవచం ఎంతటిదైనను ప్రకృతిని జయింపజాలదు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న మన సైనిక స్థావరంపై పెద్ద మంచుగోడ విరిగిపడింది. అక్కడ ఉన్న పదిమంది సైనికులను దేశం కోల్పోయింది. వారిలో ఒకరు మన కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహమ్మద్. వారు శిక్షణ లేనివారు కారు, సామగ్రి లేనివారు కారు. వారు ఉండవలసిన చోట ఉన్నారు, అది వారి విధి. వినోదానికి పోయేవానికి అటువంటి విధి ఏదీ లేదు. హెచ్చరిక ప్రకటించిన వాలుకు పోకుండుట, పలుచని మంచుపైకి బండిని తోలకుండుట, మత్తులో దానిని ముట్టకుండుట అతని చేతిలోనే ఉన్నవి. కవచం రెండవ రక్ష. మొదటి రక్ష వివేకం.

ముగింపు

ఇంతవరకు చెప్పిన సాధనాలన్నిటిలో ఒకే సూత్రం కనిపిస్తున్నది. హెల్మెట్ సెకనులో కొన్ని వెయ్యవ వంతులను ఇస్తుంది. దుస్తులు కొన్ని గంటలను ఇస్తవి. తేలియాడే కోటు ఒక గంటను ఇస్తుంది. ఏదియు మనకు అమరత్వం ఇవ్వదు. ప్రతిదీ కొంత కాలాన్ని మాత్రం ఇస్తుంది. ఆ కాలంలోనే సహాయం అందవలెను, వైద్యుడు రావలెను. వాల్‌కూర్ గ్రామపు బాలునికి అందనిది అదే.

మన కళాశాల ద్వారం వద్ద నిలుచుండి చూచినచో, హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకొనో, పెట్రోలు ట్యాంకుపై పెట్టుకొనో వచ్చే విద్యార్థులు కనబడతారు. పోలీసును చూచి తలకు పెట్టుకొని, మలుపు దాటగానే తీసివేయువారు కూడ ఉన్నారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం దానిని తప్పనిసరి చేసింది గనుక పెట్టుకొనుట ఒక పద్ధతి. అది తన తల గనుక పెట్టుకొనుట మరొక పద్ధతి. చదువుకొన్నవానికి రెండవదే శోభిస్తుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న హెల్మెట్‌ను పట్టీ బిగించి ధరించుటకు కొన్ని క్షణాలు చాలు.

‘జాన్ హై తో జహాన్ హై’ అని ఉర్దూలో అంటారు. ‘బతికి ఉంటే బలుసాకు తినవచ్చు’ అని తెలుగులో అంటారు. మన కళాశాల ఆవరణలో వినిపించే రెండు భాషలును ఒకే మాట చెప్పుచున్నవి. మంచుదారిలోనైనను మన ఊరి దారిలోనైనను ఆ మాటను పాటించుట మన కర్తవ్యం.