జీడిమామిడి హైబ్రిడ్: పిక్క నాటాలా, అంటు నాటాలా?

ప్రశ్న: నర్సీపట్నం దగ్గర మాకు రెండెకరాల మెట్ట ఉంది. పక్క తోటలో హైబ్రిడ్ జీడిమామిడి విరగకాస్తోంది. ఆ పిక్కలు నాటితే అదే కాపు వస్తుందా?
– ఒక పాఠకుడు, ద్వారకా నగర్, విశాఖపట్నం

జవాబు: రాదండి. మన కోస్తాలో పేరున్న హైబ్రిడ్ బి.పి.పి.-8. బాపట్ల పరిశోధన స్థానంలో రెండు మేలైన చెట్లను సంకరపరిచి దీన్ని రూపొందించారు. సగటు దిగుబడి చెట్టుకు 14 కిలోలు, పిక్క బరువు 8 గ్రాముల పైమాటే. ఆ జోరు రెండు చెట్ల గుణాల కలయికది. పిక్క నుంచి మొలిచిన మొక్కల్లో ఆ కలయిక చెదిరిపోతుంది. ఒకటి ఏపుగా పెరిగినా సరిగా కాయదు, ఇంకొకటి చిన్న పిక్కలిస్తుంది.

అంటు మొక్కలో అది చెదరదు. కాబట్టి నమ్మకమైన నర్సరీలో, రకం అడిగి అంటు మొక్కలే కొనండి. వానలు పడ్డాక 7 మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 80 దాకా పడతాయి. అంటు కట్టిన అతుకు నేలకు రెండంగుళాలు పైన ఉండాలి. అతుకు మీది ప్లాస్టిక్ పట్టీ విప్పేయండి. అతుకు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. వదిలేస్తే అడుగు మొక్కే చెట్టయి, మీరు కొన్న రకం ఎండిపోతుంది. మొదటి రెండేళ్లు పూత తుంచేయండి, చెట్టు బలపడుతుంది. మూడో ఏడు నుంచి కాపు తీసుకోండి. చిగురు, పూత దశల్లో టీ దోమ అనే పురుగును కనిపెట్టుకుని ఉండండి.