ఎదుటి మనిషిని నిలబెట్టుకో

అమ్ములూ,

కరాటేలో బ్రౌన్ బెల్టు వచ్చిందని, అయినా కటా అంటే విసుగేస్తోందని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. కుమితేలో అయితే ఎదురుగా మనిషి ఉంటాడు, కటాలో గాలిని గుద్దడమే కదా అన్నావట. గాలిని గుద్దితే విసుగు రాక ఏమొస్తుంది? నీ మాట సబబే. తప్పు మాత్రం కటాది కాదు, అందులోంచి ఎదుటి మనిషిని తీసేసి నేర్పిన పద్ధతిది.

నువ్వు మొదట నేర్చుకున్న కటా, హెయాన్ షోదాన్, నిద్రలో లేపినా చేస్తావు కదా, దాని నాలుగో కదలిక గుర్తు తెచ్చుకో. కుడిచేత్తో కిందికి అడ్డుకున్నాక, ముందున్న కాలిని వెనక్కి లాక్కుంటూ అదే చేతిని గుండ్రంగా తిప్పి పిడికిలి అడుగుతో కొడతావు. కాలు వెనక్కి ఎందుకు? నీ మణికట్టు ఎవడో పట్టుకున్నాడు. ఒళ్లంతా వెనక్కి లాగితేనే చెయ్యి ఊడి వస్తుంది, వచ్చిన చెయ్యే వాడి మీద పడుతుంది. గుద్దేటప్పుడు నడుం దగ్గరికి లాక్కునే రెండో చెయ్యి, హికితే, అదీ అంతే. గుద్దుకు బలం కోసమని చెప్పి వదిలేస్తారు చాలామంది. ఆ గుప్పిట్లో వాడి చొక్కా ఉందనుకుని లాగి చూడు. ఇలా విప్పి చూడడమే బుంకాయ్. ఒక కదలికకు ఒకటే అర్థమని పట్టుబట్టకు.

ఈ అర్థాలు పలచబడడానికి బడి కూడా ఒక కారణమని నా అనుమానం. 20వ శతాబ్దం మొదట్లో ఒకినావాలో ఇతోసు అంకో కరాటేను పాఠశాలల్లోకి తెచ్చారు, ఐదు పినాన్ కటాలు కూర్చారు. వరుసల్లో నిలబడిన పిల్లలు ఒకేసారి చేసేదీ, ఒకరిద్దరు శిష్యులు గురువు పెరట్లో నేర్చుకునేదీ ఒకటి కాలేవు. ఆయన శిష్యుడు ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చి, అక్కడే స్థిరపడి, పినాన్ పేరును హెయాన్‌గా మార్చారు. మొదటి రెండింటి వరుసా తారుమారు చేశారు. అంటే నువ్వు మొదట నేర్చుకున్నది ఇతోసు లెక్కలో రెండోది! ఆ ఫునాకోషే మూడు నైహాంచి కటాల మీద పదేళ్లు గడిపానని రాసుకున్నారు. మన దగ్గరేమో బెల్టుకో కటా. నాకిది నచ్చదు.

కెండో వాళ్ల ఏర్పాటు మెరుగు. 1912లో స్థిరపరచిన వాళ్ల కటాలు పది, అన్నీ ఇద్దరు కలిసి చేసేవే. ఉచిదాచి దాడి చేస్తాడు, షిదాచి తిప్పికొట్టి గెలుస్తాడు. ఓడిపోయే ఉచిదాచి పాత్ర పెద్దవాడిది! సరైన దూరం నుంచి, సరైన క్షణంలో నిజమైన దెబ్బ వేయడం తెలిసినవాడే చిన్నవాడికి నేర్పగలడు మరి. జూడోలో నగే నో కటాకూ పడేవాడొకడు ఉంటాడు. కరాటేలో ఆ రెండో మనిషిని నువ్వే తెచ్చి నిలబెట్టుకోవాలి.

అందుకని ఈ ఏడాది కొత్త కటా అడగకు. హెయాన్ షోదాన్, ఆ నైహాంచిల్లో మొదటిదైన టెక్కి షోదాన్ చాలు. తిరిగే ముందు తల తిరగాలి, చూపు వాడి మీద ఆగాలి, ఆ తర్వాతే అడుగు. వారానికోసారి తోటి అమ్మాయినెవరినైనా పిలిచి ఒక్క కదలికే ఆమెతో చెయ్యి. మణికట్టు గట్టిగా పట్టుకోమను, మొహమాటం వద్దను. పనిచేయని అర్థాన్ని వదిలేయ్. కానీ నీకు దొరికిన అర్థానికి తగ్గట్టు కటాను మాత్రం దిద్దకు. ఇవాళ అనవసరం అనిపించిన అడుగులో రేపు ఇంకో సంగతి దొరకవచ్చు, దిద్దేస్తే అది పోతుంది.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒకినావా వాడే, కియునా ర్యో, కటాలో స్వర్ణం గెలిచాడు. ఆ వీడియో చూడు, చేతులు కాదు, కళ్లు చూడు.

ఇంకొకటి. ఏ కదలికైనా ఎందుకో తోచకపోతే మీ మాస్టారినే అడుగు, క్లాసు అయ్యాక, నలుగురిలో కాకుండా.

మీ పెదనాన్న