భుజం దిగాకే తెలిసేది బ్యాగు సంగతి

కెమెరా కొన్నావంట! సంతోషం పాపా. ఏ కంపెనీది, ఎన్ని మెగాపిక్సెళ్ళు, ఆ సంగతులన్నీ నువ్వు నాకంటే బాగా చదువుకునే కొనుంటావు. ఇప్పుడు దానికి బ్యాగు వెతుకుతున్నావని విన్నా. ఆ ముచ్చట మాత్రం నాతో కాసేపు కూర్చుని మాట్లాడు. ఫోన్లో నువ్వు చూస్తున్న ఆ బ్యాగుల బొమ్మలన్నీ ఎక్కడో మంచు కొండ మీద ఒంటరిగా నిలబడ్డ ఆరడుగుల మగమనిషి వీపు మీద ఉంటాయి. పొద్దున తగిలించుకుంటే సాయంత్రం దాకా దించే పనిలేదు ఆయనకు. మన తిరుగుడు అట్లాంటిదా? బస్సెక్కితే దించాలి. స్కూటీ మీద వెనక పిల్లను ఎక్కించుకుంటే ముందుకు తిప్పుకోవాలి. గుడికి పోతే ఎవరి చేతికో ఇచ్చి రసీదు తీసుకోవాలి. బస్టాండు బాత్రూములో తలుపుకి కొక్కెం కూడా ఉండదు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక మెడకు వేలాడదీసుకోవాలి. అందుకే చెప్తున్నా, తిరుపతి, చిత్తూరు వైపు తిరిగే ఆడపిల్ల, బ్యాగు వీపు మీద ఎట్లుందో అద్దంలో చూసుకుంటే చాలదు. దించినప్పుడు, ముందుకు తిప్పినప్పుడు, పరాయి చేతికి ఇచ్చినప్పుడు అది ఎట్లుంటుందో చూడాలి.

ముందు బరువు లెక్క తేల్చుకో. నీది చిన్న కెమెరా, దాంతోపాటు వచ్చిన లెన్సు కలిపినా ముప్పావు కిలోకు అటూ ఇటూ. లీటరు నీళ్ళ సీసా ఒక కిలో పైమాటే. గొడుగు, టిఫిన్ డబ్బా, ఛార్జరు, పవర్ బ్యాంకు, పర్సు, దువ్వెన, పిల్లలుంటే వాళ్ళ గౌనొకటి, బిస్కెట్ పొట్లమొకటి. ఇవన్నీ పక్కన పెట్టి చూస్తే కెమెరా బ్యాగులో కెమెరానే తేలిక! ఇక కంపెనీ వాళ్ళు గట్టి ఫోములూ, లోపల పది అరలూ పెట్టి, ఖాళీ బ్యాగునే రెండు కిలోలు చేసి అమ్ముతారు. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ, పిల్లల బ్యాగు వాళ్ళ ఒంటి బరువులో పదో వంతు దాటకూడదంది. అది పిల్లలకే చెప్పినా పెద్దవాళ్ళకీ మంచి కొలతే. నీ బరువు 55 కిలోలనుకో, అన్నీ కలిపి అయిదున్నర కిలోలు. అందులో రెండు కిలోలు ఉత్త బ్యాగుకే పోతే మిగిలేదెంత? ఖాళీ బ్యాగు కిలోంపావు దాటితే పక్కన పెట్టెయ్. 15 నుంచి 20 లీటర్లు పట్టేది చాలు. ముప్పై లీటర్లది కొన్నావంటే, ఆ ఖాళీ చూసి ఇంట్లోవాళ్ళంతా తమ సామాను నీ వీపుకెక్కిస్తారు. మావయ్య చెప్పులు కూడా అందులోకే వస్తాయి, చూస్తుండు.

ఇంకోటి, మగవాళ్ళు రాసే సలహాల్లో కనపడనిది. ఈ బ్యాగులు చాలావరకు పొడుగు వీపులకు కుట్టినవి. మన వీపు పొట్టి. నడుం బెల్టు తుంటి ఎముకల మీద ఆనుకుంటేనే బరువు భుజాల నుంచి కిందికి దిగుతుంది. పొడుగు బ్యాగైతే ఆ బెల్టు తుంటి దాటి కిందికి జారుతుంది, లేదంటే మొత్తం బ్యాగే వెనక్కి వాలి భుజాలను లాగుతుంది. రెండు భుజం పట్టీలను కలిపే ఛాతీ బెల్టు ఉంటుంది చూడు, అది పైకీ కిందికీ జరిగేదై ఉండాలి. ఒకేచోట కుట్టేసిందైతే ఆడవాళ్ళకు సరిగ్గా నొక్కకూడని చోటే నొక్కుతుంది. కంఠం ఎముకలకు కొంచెం కింద, ఛాతీకి పైన నిలవాలి అది. దాని క్లిప్పులో నల్లపూసలు ఇరుక్కుంటాయి, అదీ చూసుకో. ఇక జడ. బ్యాగుకీ వీపుకీ మధ్యన జడ పడితే తల తిప్పినప్పుడల్లా ఎవరో వెనక నుంచి లాగినట్టే. జడ ముందుకేసుకోవాలి, లేదంటే కొప్పు పెట్టుకోవాలి. పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే పిల్లలు చీరలో పోవాల్సొస్తే, పైట పిన్ను భుజం పట్టీ కిందికి రాకుండా రెండంగుళాలు లోపలికి పెట్టుకోమంటా. పిన్ను మీద పట్టీ ఒత్తిందా, చీరా చిరుగుతుంది, భుజమూ గుచ్చుకుంటుంది.

తిరుమల మాటకొద్దాం, మన ఊరికి ఎవరొచ్చినా చివరికి ఆ మాటే కదా. గుడిలోకి కెమెరా పోదు, ఫోనూ పోదు. క్యూలోకి పోకముందే కౌంటరులో ఇచ్చెయ్యాలి. అలిపిరి దగ్గర తనిఖీలో బ్యాగు స్కానింగుకు పోతుంది. నడిచి పోయేవాళ్ళకైతే అలిపిరిలో సామాను తీసుకుని, పైకి చేర్చి ఇస్తారు, దేవస్థానం దానికి డబ్బు తీసుకోదు. అలిపిరి దారి దాదాపు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే గాని నిటారుగా ఉంటుంది. నువ్వు నడుస్తూనో క్యూలోనో ఉన్నంతసేపు నీ బ్యాగు వేరేవాళ్ళ దగ్గర వేరే బ్యాగుల కింద ఉంటుంది. ఇప్పుడు చెప్పు, ఆ పైన చుట్టి క్లిప్పు పెట్టే బ్యాగులూ, అయస్కాంతంతో మూసుకునే బ్యాగులూ చూడ్డానికి బలే ఉన్నాయంటావే, వాటికి తాళం ఎక్కడ వేస్తావు? రెండు జిప్పులు ఎదురెదురుగా వచ్చి కలిసేదీ, ఆ జిప్పుల కొసల్లో తాళం దూరే కన్నం ఉండేదీ చూసుకో. చిన్న నంబరు తాళం ఒకటి ఎప్పుడూ అందులోనే పడుండనీ. పైన మరో బ్యాగు పడినా లెన్సుకు దెబ్బ తగలకూడదు కాబట్టి కెమెరా ఉండే అరకు నాలుగు పక్కలా మెత్త ఉండాలి, అడుగున మరీ ముఖ్యం. ఎవరూ బ్యాగుల్ని పూలబుట్టల్లా దించరు కదా.

నా మాటడిగితే, దర్శనం రోజు కెమెరా ఇంట్లోనో రూములోనో ఉంచడమే మేలు. కొండ మీద ఫొటోలకు ఇంకో రోజు పో.

బస్సుల సంగతి చెప్పక్కర్లేదు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్సుల్లో మనమే మనం. పుత్తూరు, పీలేరు, పలమనేరు, ఎటు పోయినా నిలబడే ప్రయాణమని ముందే అనుకోవాలి. అప్పుడు బ్యాగు ముందుకు తిప్పి కడుపు మీద పెట్టుకుంటాం. పొడుగ్గా గూటంలా ఉండే బ్యాగు గడ్డానికి తగులుతుంది. ఎత్తు తక్కువగా, కొంచెం పలచగా ఉండేదైతే కూర్చున్నప్పుడు ఒళ్ళో ఇముడుతుంది, కింద పెడితే కాళ్ళ మధ్య నిలబడుతుంది. అడుగు చదునుగా ఉందో లేదో అంగట్లోనే కింద పెట్టి చూడు. వదిలిపెట్టగానే బోర్లా పడిందంటే బస్సులో ఎన్నిసార్లు పడుతుందో లెక్కేసుకో. స్కూటీ మీద మాత్రం కెమెరాను కాళ్ళ దగ్గర పెట్టొద్దు, గుంతల అదురంతా దానికే. వీపుకే తగిలించుకో. వెనక పిల్లను కూర్చోబెట్టుకున్నావనుకో, బ్యాగు దాని మొహానికి తగులుతుంది. అప్పుడు పట్టీలు బిగించి ముందు వైపు వేసుకుని, హ్యాండిల్ తిప్పేటప్పుడు అడ్డం రాకుండా చూసుకుని మెల్లగా పోవాల్సిందే.

గంగ జాతర ఫొటోలు తియ్యాలని నీకు ఎన్నాళ్ళ నుంచో ఉంది కదా. మే నెలలో వారం రోజులు తిరుపతి తిరుపతిలా ఉండదు. తాతయ్యగుంట గంగమ్మ వెంకన్నకు చెల్లెలని మనవాళ్ళ నమ్మకం, జాతరకు దేవస్థానం నుంచి సారె వస్తుంది. ఆడపడుచు మర్యాద మరి! బైరాగి వేషం నాడు ఒళ్ళంతా తెల్ల నామం సుద్ద, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గు పొడి, దొర వేషం నాడు గంధం. మాతంగి వేషం నాడు మీసాలున్న మగపిల్లలు చీరలు కట్టి, పూలు పెట్టి వస్తుంటే కెమెరా దించబుద్ధి కాదు. ఆ పొడులన్నీ గాల్లోనే ఉంటాయి. అక్కడ బ్యాగు నేల మీద పెట్టడానికి చోటుండదు, లెన్సు మార్చడం ఊసే ఎత్తొద్దు. ఇట్లాంటి చోట పక్క జిప్పు ఉన్న బ్యాగు బాగా పనికొస్తుంది. ఒక పట్టీ భుజం నుంచి జార్చి, బ్యాగును పక్కకు లాక్కుని, నిలబడే కెమెరా తీసి నిలబడే పెట్టెయ్యొచ్చు. జిప్పు మీద రేకులా ఒక మడత కప్పి ఉంటే పొడి లోపలికి దూరదు. అయితే పక్క జిప్పు నీకెంత వీలో దొంగకూ అంతే వీలు. జనంలో దాని కొసను లోపలి కొక్కేనికి తగిలించి ఉంచు.

తలకోనకు పోతే లెక్క తిరగబడుతుంది. 270 అడుగుల నుంచి నీళ్ళు పడుతుంటాయి, బండలు పాచి పట్టి ఉంటాయి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అక్కడ వీపు వైపు నుంచి తెరుచుకునే బ్యాగు నాకు నచ్చుతుంది. దాన్ని తెరవాలంటే పట్టీలు పైకి వచ్చేట్టు పడుకోబెట్టాలి, అంటే బురద బయటి వైపుకే అంటుతుంది, వీపుకు ఆనే వైపు శుభ్రంగా ఉంటుంది. మామూలు బ్యాగైతే పట్టీలే బురదలో పడతాయి, ఆ బురద తర్వాత నీ చుడీదారు మీదికి వస్తుంది. కోతుల గురించి నీకు నేను చెప్పాలా? బయటి జేబులో వేరుశనగ పొట్లం పెట్టావంటే జిప్పు తియ్యడం వాటికీ వచ్చు.

వాన విషయంలో మనవాళ్ళు మోసపోయేది రెయిన్ కవరు దగ్గర. అది వీపు వైపు వదిలేసి మిగతా బ్యాగునే కప్పుతుంది. వీపు మీదుగా కారే నీళ్ళు పట్టీల దగ్గర నుంచి లోపలికి దిగుతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన వాన చూసినదానివి, ఆ కవరును నమ్ముకుని నిలబడతావా? కెమెరాను ముందు ఒక గట్టి జిప్పు కవరులో పెట్టి, తర్వాత బ్యాగులో పెట్టు. తిరుమల కొండ మీదికైతే ప్లాస్టిక్ నిషేధం, గుడ్డ సంచిలో చుట్టి తీసుకుపో. ఇంటికి రాగానే బ్యాగు మొత్తం తెరిచి ఫ్యాను కింద ఆరబెట్టు. తడి ఫోములో కెమెరా రోజుల తరబడి ఉందంటే లెన్సు లోపల బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. అది తుడిస్తే పోయేది కాదు. ఐశ్వర్యం దాచినట్టు కెమెరాను బ్యాగులోనే ఉంచి బీరువాలో పెట్టడం మన ఇళ్ళల్లో అలవాటు, దాన్ని మాను.

చంద్రగిరి కోటకు పోతే రాజమహల్ మెట్లూ, ఎండా తప్ప బ్యాగుకు పెద్ద కష్టమేమీ లేదు. ట్రైపాడ్ మాత్రం వెంట తీసుకుపోవద్దు. పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో దానికి ముందస్తు అనుమతి కావాలి. మన ఊళ్ళల్లో ట్రైపాడ్ వాడే సందర్భాలే తక్కువ, దానికోసం ప్రత్యేకంగా పట్టీలున్న ఖరీదు బ్యాగు నీకు దేనికి?

అసలు నువ్వు కెమెరా బ్యాగే కొనాలని ఏముంది! కాలేజీకి వేసుకుపోయిన మంచి బ్యాగు ఇంట్లో ఉంది కదా. దాంట్లో కెమెరా కోసం మెత్తటి ఇన్సర్టు ఒకటి కొని పెట్టు. జిప్పుతో మూసుకునే చిన్న పెట్టెలా ఉంటుంది అది, అరలు నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. కెమెరా పని లేనిరోజు పెట్టె తీసి పక్కన పెడితే అదే బ్యాగు ఆఫీసుకు, సంతకు. ఇంకో లాభం, మీద పెద్ద పెద్ద అక్షరాలతో కెమెరా కంపెనీ పేరు లేని బ్యాగును రైల్లో ఎవరూ రెండోసారి చూడరు. సాయంత్రం కాళహస్తి వీధుల్లో ఓ గంట తిరగడానికైతే ఆ పెట్టెను కలంకారీ జోలెలో పెట్టుకున్నా సరిపోతుంది. ఒక భుజం మీదే బరువు కాబట్టి గంటకు మించి మాత్రం వద్దు. హొమాయ్ వ్యారావాలా అని మన దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టు, ఢిల్లీలో చీర కట్టుకుని సైకిల్ మీద ఆనాటి బరువు కెమెరాలు మోసుకుని తిరిగారు. తర్వాత కొన్న కారు నంబరు డీఎల్‌డీ 13, అందుకే ఆమెను ‘డాల్డా 13’ అని పిలిచేవాళ్ళు. 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఆమెకు ఛాతీ బెల్టులూ లేవు, ఇన్సర్టులూ లేవు. మనకున్నాయి కాబట్టి వాడుకుందాం.

నేలపట్టు గూడబాతులు, పులికాట్ ఫ్లెమింగోలు అంటావా, అది వేరే లెక్క. పక్షులకు వాడే పెద్ద జూమ్ లెన్సు ఒక్కటే దాదాపు రెండు కిలోలు. దానికి నడుం బెల్టున్న పెద్ద బ్యాగు తప్పదు. ఏడాదికి ఒకటి రెండుసార్లే పోతావంటే లెన్సుతోపాటు బ్యాగూ అద్దెకు తెచ్చుకో. రేణిగుంటలో విమానం ఎక్కేటట్టుంటే చేతి సామాను మామూలుగా 7 కిలోలకే ఒప్పుకుంటారు. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి, చెకిన్ సామానులో వెయ్యనివ్వరు.

అంగడికి పోయేటప్పుడు నీ కెమెరా, రెండు నీళ్ళ సీసాలు పట్టుకుని పో. ఖాళీ బ్యాగు ఎవరి వీపునైనా దూదిలాగే ఉంటుంది. బరువేసి, పట్టీలు బిగించి, పది నిమిషాలు గాంధీ రోడ్డులో అటూ ఇటూ నడిచొస్తానంటే అంగడి ఆయన మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ. పట్టీ కుట్టిన చోట రెండు మూడు వరసల కుట్టు ఉందా, జిప్పు వంపు దగ్గర ఇరుక్కుంటోందా, అవి చూడు. ఆన్‌లైన్లో కొంటే వాపసు తీసుకుంటారో లేదో ముందే చదువుకో. రంగు ముదురుదే తీసుకో, నలుపో మెరూనో. జాతర నుంచి వచ్చాక పొడిగుడ్డతో దులిపి, సబ్బు నీళ్ళతో పైపైన తుడిచి నీడలో ఆరబెట్టు, వాషింగ్ మెషీన్లో వేశావంటే ఫోము గుళ్ళబారుతుంది. ఎంత తుడిచినా కుంకుమ మరక ఒకటి మిగిలే తీరుతుంది, ముందే చెప్తున్నా, తర్వాత నాకు ఫోన్ చేసి అడగొద్దు.