గోడ మీది తెల్ల పెట్టె
(వైర్‌లెస్ యాక్సెస్ పాయింట్ ఎలా పనిచేస్తుంది?)



మన స్టడీ హాలు గోడకు ఒక చిన్న తెల్ల పెట్టె ఉంది. అందరం దానిని "వైఫై" అంటాం. దాని అసలు పేరు వైర్‌లెస్ యాక్సెస్ పాయింట్. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి రోజు రాత్రి అందరం ఒక్కసారే ఫోన్లు తెరిచాం. పేజీ తెరుచుకోలేదు. ఇద్దరు మిత్రుల దరఖాస్తులు గడువులోగా వెళ్లలేదు. వైఫై పాడైందని తిట్టుకున్నాం. కానీ అది పాడవలేదు. అసలు ఏం జరిగిందో తెలుసుకోవాలని మేము కొందరం చదివి రాసినదే ఈ వ్యాసం.

ఇంటర్నెట్ ఈ పెట్టెలో పుట్టదు. కేబుల్ ద్వారా వచ్చిన సమాచారాన్ని ఇది రేడియో తరంగాలుగా మార్చి మన ఫోన్లకు పంపుతుంది. ఫోన్లు పంపిన తరంగాలను తిరిగి కేబుల్‌లోకి చేరుస్తుంది. అంటే తీగకూ గాలికీ మధ్య ఇది ఒక వారధి.

ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ 1997లో దీనికి 802.11 అనే ప్రమాణాన్ని ప్రకటించింది. అప్పటి గరిష్ఠ వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 2.4 గిగాహెర్ట్జ్‌లో అది 1999లో 11కు, 2003లో 54కు పెరిగింది. నేడు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ.

యాక్సెస్ పాయింట్ సాధారణంగా సెకనుకు సుమారు 10 సార్లు తన పేరును చాటుతుంది. మన ఫోనులో కనిపించే పేరు అదే. మనం పాస్‌వర్డ్ ఇస్తే సరిచూసుకుని చేర్చుకుంటుంది. ఆపై సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి పంపుతుంది.

ఇక అసలు విషయం. ఒక చానెల్‌లో ఒకేసారి ఇద్దరు మాట్లాడితే మాటలు కలిసిపోతాయి. అందుకే ప్రతి ఫోను ముందు వింటుంది. గాలి ఖాళీగా ఉంటే కొద్దిసేపు ఆగి పంపుతుంది. అందిందన్న జవాబు రాకపోతే మళ్లీ పంపుతుంది. ఇది మన కొళాయి దగ్గర బకెట్ల వరుస లాంటిది. వరుస పెరిగితే అందరికీ ఆలస్యమే.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. దూరపు గదిలోని ఫోనుకు సిగ్నల్ బలహీనం కనుక అది నెమ్మదిగా పంపుతుంది. సన్నని మూతి సీసా నింపేవాడు కొళాయిని ఎక్కువసేపు ఆపినట్లు, ఆ ఒక్క ఫోను అందరి సమయాన్నీ తీసుకుంటుంది. కాంక్రీటు గోడలు, ఇనుప బీరువాలు, మన ట్రంకు పెట్టెలు కూడా తరంగాలను అడ్డుకుంటాయి.

పక్కపక్కన రెండు యాక్సెస్ పాయింట్లు పెడితే వాటికి వేర్వేరు చానెళ్లు ఇవ్వాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 చానెళ్లు ఒకదానికొకటి అడ్డురావు. 5 గిగాహెర్ట్జ్‌లో చానెళ్లు ఎక్కువ, కానీ గోడలు దాటే శక్తి తక్కువ.

ఇది తెలిశాక మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. దరఖాస్తుల వారంలో గదుల వారీగా వంతులు. దరఖాస్తు చేసేవారు పెట్టెకు దగ్గరగా కూర్చోవాలి. మిగిలినవారు వీడియోలు ఆపాలి. ఆఖరి రోజు దాకా ఎవరూ ఆగకూడదు.

తమ్ముళ్లారా! గాలి అందరిదీ. వంతు పాటిస్తేనే అది అందరికీ అందుతుంది. వచ్చే ఏడాది మన హాస్టల్‌లో ఒక్క దరఖాస్తు కూడా ఆగిపోకూడదని కోరుకుంటున్నాం.