‘అంట’ వచ్చినవాళ్లకు అకడెమిక్ ఇంగ్లీష్

ఎమ్మెస్‌కు రావాలనుకునే జూనియర్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఐఈఎల్‌టీఎస్‌లో ఎంతొస్తే చాలు?" ఆ స్కోరు అడ్మిషన్ వరకే. ఆ పరీక్షలో పెద్ద వ్యాసం 40 నిమిషాల్లో 250 పదాలు, సొంత అభిప్రాయం చెప్పి నాలుగు కారణాలు రాస్తే సరిపోతుంది. ఇక్కడ ఒక్కో కోర్సుకు పది పేజీల రిపోర్టు. నీ అభిప్రాయం కంటే ముందు ఎవరు ఏమన్నారో, అందులో ఏది ఎంతవరకు నమ్మొచ్చో రాయాలి.

నేను అమెరికాలో సివిల్‌లో ఎమ్మెస్ రెండో ఏడాది. ఒక కోర్సుకు గ్రేడర్‌గా ఉన్నాను కాబట్టి మన తెలుగువాళ్ల రిపోర్టులు చాలానే చదివాను. గ్రామర్ వల్ల పోయే మార్కులు తక్కువే. పక్కన "ఎవరు చెప్పారు?" అని ప్రొఫెసర్ రాసే చోట్లే ఎక్కువ.

ఒక వాక్యం తీసుకుందాం: "బోర్లు ఎక్కువ కావడంతో అనంతపురంలో కరువు వచ్చింది." మన ఊళ్లో ఎవరూ కాదనరు. కానీ రిపోర్టులో ఇది నిలబడదు. ఏ అనంతపురం? 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయింది. పుట్టపర్తి, ధర్మవరం, హిందూపురం, కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. కాబట్టి పాత లెక్కలూ కొత్త లెక్కలూ ఒకే గ్రాఫ్‌లో పెట్టేముందు ఆ మాట చెప్పాలి. ఏ కరువు? వాన తక్కువ కావడమా, భూగర్భ జలం అడుగంటడమా? మనది పడమటి కనుమల వెనక వర్షచ్ఛాయలో ఉన్న నేల. సాధారణ వార్షిక వర్షపాతమే సుమారు 550 మిల్లీమీటర్లు. బోర్లు నీటిమట్టాన్ని దించుతాయి గానీ వానను ఆపవు కదా! ‘వచ్చింది’ అనే ఒక్క క్రియ అంత బరువు మోస్తోంది.

ఈ జాగ్రత్త మనకు కొత్తేం కాదు. బోరు వేసేముందు ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, "ఇక్కడ రెండంగుళాలు గ్యారంటీ" అంటాడు. రైతు ఇంటికొచ్చి ఏమంటాడు? "రెండంగుళాలు పడతాయంట, చూద్దాం." ఆ ‘అంట’లో రెండు సంగతులున్నాయి. మాట వేరేవాళ్లది. దానికి నేను పూచీ కాదు. అదే రైతు, "పక్క చేన్లో 600 అడుగులకు పడినాయి, మనకూ పడొచ్చు" అంటే అది ఆధారం నుంచి తీసిన ఊహ. బోరు వేశాక "దుమ్మే లేచింది" అంటే కళ్లారా చూసింది.

ఇంగ్లీష్ పేపర్లలో ఈ మూడింటికీ వేర్వేరు మాటలున్నాయి. మొదటిదానికి ‘రిపోర్ట్స్’, ‘ఆర్గ్యూస్’. ‘క్లెయిమ్స్’ అంటే నాకు కాస్త అనుమానం ఉందని కూడా ధ్వనిస్తుంది. రెండోదానికి ‘సజెస్ట్స్’, ‘మే’. మూడోదానికి ‘అబ్జర్వ్‌డ్’, ‘షోస్’. ‘ప్రూవ్స్’ మాత్రం గణితం వాళ్లకు వదిలేయండి. అట్లని ఒకే వాక్యంలో ‘మే’, ‘పర్‌హాప్స్’, ‘పాసిబ్లీ’ మూడూ పోస్తే చదివేవాడికి ఏమీ మిగలదు.

ఒక్క తేడా ఉంది. మన ‘అంట’ చెప్పినవాడి పేరు దాచేస్తుంది. అక్కడ పేరు, సంవత్సరం ఖచ్చితంగా ఉండాలి.

ఇక కాపీ సంగతి. మన పరీక్షల్లో పుస్తకంలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించితే ఫుల్ మార్కులు. ఇక్కడ అదే పని నేరం. నాలుగు పదాలు మార్చి వాక్యం నడక అట్లే ఉంచినా, కింద సోర్స్ పేరు రాసినా సరే, తప్పే. నేను గ్రేడ్ చేసిన బ్యాచ్‌లో ఒకతనికి ఇందుకే కోర్సు మొత్తానికి ఎఫ్ పడింది. అతనికి ఇంగ్లీష్ బాగానే వచ్చు. చేను తాకట్టు పెట్టి లోన్ తెచ్చుకున్నవాడికి ఒక కోర్సు మళ్లీ కట్టడమంటే ఎంత భారమో మనకు వేరే చెప్పక్కర్లేదు.

నాకు బాగా పనికొచ్చిన పద్ధతి చెప్తాను. పేపర్‌లో ఒక భాగం చదివి మూసేస్తాను. దాన్ని తెలుగులో, మన ఊరి తెలుగులోనే, రూమ్మేట్‌కు చెప్తాను: "వీళ్లు ఇరవై బావుల్లో నీళ్లు కొలిచినారంట, చెక్‌డ్యామ్ దగ్గరున్న వాటిలో మట్టం పెరిగిందంట, వాన కూడా ఎక్కువే పడింది కాబట్టి దానివల్లా కావొచ్చంట." చూడండి, ఎవరు, ఏం చూశారు, ఎంత నమ్మకం, మూడూ వచ్చేశాయి. అప్పుడు పేపర్ చూడకుండా ఇంగ్లీష్‌లో రాస్తాను. చివర్లో పేపర్ తెరిచి అంకెలు సరిచూస్తాను. మొదట్లో పేరాకు గంట పట్టేది. విసుగే, కానీ వాక్యం మనదవుతుంది.

మాటల కోసం మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల అకడెమిక్ ఫ్రేజ్‌బ్యాంక్ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. క్యాంపస్‌లో రైటింగ్ సెంటర్ ఉంటే మొదటి నెలలోనే వెళ్లండి. వాళ్లు గ్రామర్ దిద్ది పెట్టరు, "ఈ వాక్యంతో ఏం చెప్పాలనుకున్నావు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలోనే సగం పని అయిపోతుంది.

ఫైనలియర్ వాళ్లు ఎమ్మెస్ దాకా ఆగక్కర్లేదు. ప్రాజెక్టు రిపోర్టులో లిటరేచర్ సర్వే చాప్టర్ తీయండి. సాధారణంగా సీనియర్ల ఫైల్ నుంచి వచ్చే చాప్టర్ అదే! అందులో ‘ఇట్ ఈజ్ వెల్ నోన్’ అని మొదలయ్యే ప్రతి వాక్యం కింద గీత గీసి, ఎవరికి తెలుసు, ఎట్లా తెలుసు అని పక్కన తెలుగులో రాయండి. జవాబు దొరకని వాక్యాన్ని కొట్టేయండి.