బయోటెక్ అంటే లక్షల ఫీజేనా?

నీట్‌లో సీటు రాకపోతే బీటెక్ బయోటెక్నాలజీలో చేర్పించేయాలన్న తొందర చెన్నై మైలాపూరు తెలుగు ఇళ్లలోనూ ఉంది. డిగ్రీ పేరులో బయోటెక్ ఉంటేనే పరిశోధనలోకి రానిస్తారన్న నమ్మకంతో తల్లిదండ్రులు అప్పుచేసి మరీ ఫీజు కడుతున్నారు. ల్యాబ్‌లో జరిగే పనిని దగ్గరగా చూస్తే ఆ నమ్మకం నిలవదు. ఉదాహరణకు, దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే మానవ ప్రోటీన్లలో బీఆర్‌సీఏ1 ఒకటి. 1,863 అమైనో ఆమ్లాలున్న ఆ ప్రోటీన్‌ను బ్యాక్టీరియాలో పూర్తిగా తయారుచేయడం కష్టం. అందుకే కావలసిన ముక్కకు సంబంధించిన జన్యుభాగాన్ని ఈ.కోలైలోకి ఎక్కించి, ఆ ముక్కను నికెల్ కాలమ్‌తో వేరుచేసి, జెల్ మీద పరీక్షిస్తారు. అది మందు కాదు, పరిశోధనకు మాత్రమే. పీహెచ్, ఉప్పు పాళ్లు తప్పితే ముక్క కరిగి ఉండక గడ్డకట్టే ప్రమాదముంది. ఇక్కడ అక్కరకొచ్చేవి కెమిస్ట్రీ పునాది, ఓర్పు, చేతి నైపుణ్యం. డీఎన్‌ఏ మరమ్మతుపై పరిశోధనలకు 2015లో లిండాల్, మోడ్రిచ్, సంజార్‌లకు దక్కింది కూడా కెమిస్ట్రీ నోబెలే.

అందుకే నా ఓటు బీఎస్సీకి. అమ్మాయిలకు 1914 నాటి క్వీన్ మేరీస్, అబ్బాయిలకు 1946 నాటి వివేకానంద కాలేజీ మైలాపూరులోనే ఉన్నాయి. జువాలజీ చదువుతూ అలైడ్‌గా కెమిస్ట్రీ తీసుకుని, ఆపై జామ్ లేదా గ్యాట్-బి ప్రవేశ పరీక్ష రాసి మంచి ఎమ్మెస్సీలో చేరవచ్చు. అర్హతలు సంస్థను బట్టి మారతాయి, ముందే చూసుకోండి. బీటెక్కే కావాలంటే ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: వారానికి ఎన్ని గంటలు విద్యార్థి తన చేత్తో ప్రయోగం చేస్తాడు? సూటిగా జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి. వీడియోలు చూపించి క్లోనింగ్ సర్టిఫికెట్ చేతిలోపెట్టే స్వల్పకాలిక కోర్సులకు డబ్బు తగలేయకండి. పైపెట్ పట్టకుండా ఆ విద్య రాదు.

బీఎస్సీతో ఉద్యోగమేదీ, పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది కదా అంటారు. నిజమే, బీఎస్సీతోనే ఆగిపోతే దారి ఇరుకు. నెట్ గెలిచి పీహెచ్‌డీలో చేరినవారికి 2023 నుంచి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, కానీ అది అందరికీ రాదు. అంత ఓపిక లేనివారికి ఎమ్మెస్సీ తర్వాత టీకా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ఉంది. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా కూడా ఇలా జన్యువును ఎక్కించే రీకాంబినెంట్ పద్ధతిలో చేసిందే. ఒకటికి పదిసార్లు ప్రయోగం విఫలమైనా మళ్లీ మొదలుపెట్టే ఇష్టం పిల్లల్లో ఉందో లేదో ముందు తెలుసుకోండి. లేకపోతే మరో చదువు చూడండి. నీట్ పోయిందన్న మన బాధ తీర్చడానికి వాళ్లను ల్యాబ్‌లోకి నెట్టడం అన్యాయం.